బుల్లి ఆవిరింజను నడపడానికి వాలంటీర్‌గా రమ్మంటున్నారు, రెండు వారాల్లో నేర్చుకోగలనా?

లేత్‌షెడ్డు_శ్రీకాకుళం:

అందరికీ నమస్కారం. ఇక్కడ మూడేళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు, ఎక్కువ రాసేస్తే ఏమీ అనుకోకండి. నాది శ్రీకాకుళంలో చిన్న లేత్ షెడ్డు. మోటారు షాఫ్టులు, రైస్‌మిల్లు బుష్షులు, ట్రాక్టరు పిన్నులు, ఇదే రోజూ పని.

నాలుగేళ్ళ కిందట విజయనగరం నుంచి ఒక పెద్దాయన వచ్చారు, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చేతిలో గుడ్డ సంచి, అందులో అరచేయంత పోత ఇనప చక్రాలు నాలుగు. "బాబూ, నాలుగూ ఒక్క సైజు రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా నాకొద్దు" అన్నారు. ఏదో బొమ్మ రైలు కామోసు అనుకుని తీసిచ్చాను. ఆ తర్వాత నెలకోసారి వస్తూనే ఉన్నారు, ఒకసారి పిస్టన్లు, ఒకసారి క్రాంకు పిన్నులు, ఒకసారి సేఫ్టీ వాల్వు బాడీ. అప్పుడు గానీ నాకు బోధపళ్ళేదు, ఇది నిజంగా బొగ్గేసి నీళ్ళు మరగబెట్టి ఆవిరితో మనుషుల్ని లాగే ఇంజనని. 5 అంగుళాల గేజ్, అంటే పట్టాల మధ్య 127 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాల ట్యాంకు ఇంజను, బరువు 45 కేజీల పైనే, ఇద్దరం పట్టుకుంటే గానీ బల్ల మీదకి లేవదు. రాగి బాయిలరు, రేకు వంచి సిల్వర్ బ్రేజింగ్ (వెండి కలిపిన లోహం కరిగించి అతకడం) చేసిందే, అదీ ఆయన పెరట్లో.

ఇప్పుడు సంగతేటంటే, సంక్రాంతి సెలవులయ్యాక విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండులో రెండు రోజులు మోడల్ ఇంజనీరింగ్ షో పెడుతున్నారు. విమానాలు, పడవలు, చిన్న చిన్న ఇంజన్లు అన్నీ వస్తాయట. ఈయన ఇంజనుకి 80 మీటర్ల ట్రాకు వేస్తున్నారు, నేల నుంచి రెండడుగుల ఎత్తులో స్టాండ్ల మీద. పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళడం, రావడం, అంతే. పెద్దాయనకి భుజం ఆపరేషన్ అయింది, రోజంతా వంగి కూర్చోలేరు, అందుకని రెండో డ్రైవరుగా నన్ను రమ్మంటున్నారు. జీతం గీతం ఏమీ లేదు, మధ్యాహ్నం భోజనం, టీ.

నాకు చచ్చేంత ఇష్టం. మా తాత నౌపడ ఉప్పు కొటార్లలో పనిచేసేవాడు, నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు కథలు చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ లైను మీద ఆవిరింజను పోయి డీజిలు వచ్చేసింది. అదీ 2004లో ఆపీసి బ్రాడ్‌గేజ్ చేసీసారు. కాబట్టి ఆవిరింజను మీద చెయ్యి వేసే అవకాశం నా జన్మకి ఇదే.

కానీ భయం కూడా ఉంది. మిషను తెలుసు నాకు, బాయిలరు తెలీదు. వెనకాల కూర్చునేది పిల్లలు. రెండు వారాల్లో నేర్చుకోగలనా? ఏది ముందు నేర్చుకోవాలి? ఇంకో మాట, మా బావ "పర్మిషన్ లేకుండా బాయిలరు తోలితే కేసు పెడతారు రా" అని బెదిరిస్తన్నాడు, అది నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, దండం పెడతాను.

పలాస_జీడిపప్పు:

నా బరువు 96 కేజీలు. ఎక్కనిస్తారా లేదా? అది చెప్పాక మిగతావి మాట్లాడుకుందాం 😀

బొబ్బిలోడు_లెస్టర్:

జీడిపప్పు గారూ, ఎక్కనిస్తారు, కానీ మీరు ఎక్కితే నలుగురు పిల్లలు దిగాలి.

లేత్‌షెడ్డు అన్నా, మీ పోస్టు చూసి ప్రాణం లేచొచ్చింది. నాది బొబ్బిలి, ఇంగ్లండులో లెస్టర్ దగ్గర ఉంటున్నాను, ఆరేళ్ళ నుంచి ఇక్కడ ఒక మోడల్ ఇంజనీర్ల క్లబ్బులో మెంబర్ని. ఇక్కడ ఇది పెద్ద లోకం. ఈ హాబీకని 1898లో మొదలైన పత్రిక ఇప్పటికీ వస్తోంది, చూసుకోండి. ఊరూరా క్లబ్బులుంటాయి, పార్కులోనో పొలంలోనో ట్రాకు వేసుకుని ఆదివారం ఆదివారం జనాన్ని తిప్పుతారు. 3½ అంగుళాలు, 5 అంగుళాలు, 7¼ అంగుళాలు, ఇవీ ఎక్కువగా కనపడే గేజులు. 7¼ అయితే నేల మీద ట్రాకు, మనిషి ఇంజను వెనకాల పెట్టె మీద హాయిగా కూర్చోవచ్చు. మీ 5 అంగుళాలది ఎత్తు ట్రాకు కాబట్టి గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి.

రెండు వారాల్లో వస్తుందా అని కదా అడిగారు. నా సంగతి చెప్తాను. మొదటి ఏడాది నన్ను రెగ్యులేటర్, అంటే సిలిండర్లకి ఆవిరి వదిలే పిడి, ముట్టుకోనివ్వలేదు. టికెట్లు చింపాను, బూడిద ఎత్తాను, పిల్లల్ని ఎక్కించి దించాను, గార్డుగా చివర్న విజిలేసుకుని కూర్చున్నాను. అప్పట్లో నాకు మండేది, సాఫ్ట్‌వేర్‌లో టీం లీడ్‌ని నేను, నన్ను బూడిద ఎత్తమంటారా అని. తర్వాత పక్కన ఒకాయన కూర్చుంటే నడిపాను, చివరికి ఒక పెద్దాయన నన్ను రోజంతా గమనించి సరే అన్నాక ఒంటరిగా ఇచ్చారు. మీకంత టైం లేదు, నిజమే, కానీ మీకు లేత్ తెలుసు, ఆ ఇంజనులో సగం పార్టులు మీ చేతి మీదే అయ్యాయి, అది చిన్న విషయం కాదు. నేను చెప్పేది ఒక్కటే, ఆ రెండు వారాల్లో కనీసం నాలుగైదు సార్లు ఆయన పెరట్లో పొయ్యి వెలిగించి ఆర్పేదాకా మొత్తం పని మీ చేత్తో చెయ్యండి. పట్టాలు లేకపోయినా పర్లేదు, చక్రాలు గాల్లో లేపి స్టాండు మీద పెట్టినా సరే. నడపడం రెండు గంటల్లో వచ్చేస్తుంది. పొయ్యి, నీళ్ళు, ఇవి రెండూ ఒకేసారి చూసుకోవడం, అది రాదు తొందరగా.

ఎలా ఉంటుందంటే. పొద్దున్నే ముందు గేజ్ గ్లాసులో, అంటే బాయిలర్లో నీళ్ళ మట్టం చూపించే గాజు గొట్టంలో, నీళ్ళు కనపడాలి, అది చూడకుండా అగ్గిపుల్ల గీయకూడదు. చేతిపంపు కొట్టి నీళ్ళు లోపలికి వెళ్తున్నాయో లేదో చూడాలి. కదిలే చోటల్లా నూనె చుక్కలు, లూబ్రికేటర్లో స్టీం ఆయిలు నింపడం. అది మామూలు ఇంజనాయిలు కాదండోయ్, ఆముదంలా చిక్కగా ఉంటుంది, సిలిండర్లోకి ఆవిరితో కలిసి వెళ్ళేది అదే. తర్వాత కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెబొగ్గు ముక్కలు ఫైర్‌బాక్సులో వేసి వెలిగించి, పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాను బోర్లిస్తాం. ఎందుకంటే చల్లటి బాయిలరుకి గాలి లాగే శక్తి ఉండదు. బాగా ఎర్రబడ్డాక కొద్దికొద్దిగా రాక్షసిబొగ్గు. ప్రెషర్ మీటరు ముల్లు 20, 30 పౌండ్లకి వచ్చిందంటే ఇక ఇంజనుకి సొంత బ్లోయర్ (పొగగొట్టంలోకి ఆవిరి చిమ్మి గాలి లాగేది) ఉంటుంది, అది తిప్పి ఫ్యాను తీసేయొచ్చు. మొత్తం అరగంట పని. చిన్న ఇంజను కదా, ఎంత త్వరగా స్టీం లేస్తుందో అంత త్వరగా పడిపోతుంది కూడా.

కదిలేముందు డ్రెయిన్ కాక్సు, అంటే సిలిండర్ల కింద నీళ్ళు పోయే చిన్న కుళాయిలు, తెరిచి ఉంచాలి, మర్చిపోవద్దు. చల్లటి సిలిండర్లో ఆవిరి నీరైపోయి కూర్చుంటుంది, నీళ్ళు నలగవు కదా, బలవంతంగా తోస్తే సిలిండరు మూతో, రాడ్డో పోతుంది. మీరు తీసిన పిస్టన్లే మళ్ళీ మీరే తియ్యాల్సి వస్తుంది.

ఇంకొకటి, దీన్ని నేను ఒళ్ళు కాలి నేర్చుకున్నాను. నడుస్తున్నప్పుడు సిలిండర్ల నుంచి వచ్చే ఆవిరి పొగగొట్టంలోంచి చుఫ్ చుఫ్ మని పోతూ మంటని లాగుతుంది. స్టేషను దగ్గర రెగ్యులేటర్ మూసేస్తారు, ఆ లాగుడు ఠక్కున ఆగిపోతుంది. బ్లోయర్ ముందే కొంచెం తెరవకపోతే మంట వెనక్కి, అంటే మీ మొహం వైపు, తలుపులోంచి వస్తుంది. నా కుడి కనుబొమ్మ నెలరోజులు లేదు. మా ఆవిడ ఆ ఫొటో ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంది.

బాయిలర్_బాబాయ్:

బాబూ లేత్‌షెడ్డు, నేను చక్కెర ఫ్యాక్టరీ బాయిలరు మీద 22 ఏళ్ళు చేసి దిగిపోయినవాణ్ణి. ఏ ఫ్యాక్టరీ అని అడక్కు. నాకు ఈ బొమ్మింజన్లు తెలీవు గానీ బాయిలరు బాయిలరే, చిన్నదైతేటి పెద్దదైతేటి.

ముందు మీ బావకి జవాబు. బాయిలర్ల చట్టం 1923 నాటిది ఉండేది, 2025లో దాని చోట కొత్తది వచ్చింది. 25 లీటర్ల లోపు పట్టే పాత్రని ఆ చట్టం బాయిలరు కింద లెక్కెయ్యదు. మీది 5 అంగుళాల నాలుగు చక్రాల బండి అంటున్నావు, నాలుగైదు లీటర్లు పడితే గొప్ప. కాబట్టి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి సర్టిఫికెట్ అడిగే కథ కాదిది. కానీ ఒకటి చెప్తాను విను. చట్టం వదిలీసిందని ఆవిరి వదిలీదు. 80 పౌండ్లనుకో, అంటే మన లెక్కలో చదరపు సెంటీమీటరుకి ఐదున్నర కేజీలు, ఆ ప్రెషర్లో లోపలి నీళ్ళు 160 డిగ్రీల పైన ఉంటాయి. బాయిలరు ఎక్కడైనా విచ్చిందనుకో, ఆ నీళ్ళకి అంత వేడి మీద నీళ్ళుగా ఉండే దారి లేదు, వాటిలో కొంత ఒక్కసారిగా ఆవిరైపోతుంది, అలా ఆవిరైన ఒక్కో లీటరు నీళ్ళు పదహారు పదిహేడొందల లీటర్ల ఆవిరవుతాయి. అందుకే కొత్త బాయిలరుకి ముందు నీళ్ళతో టెస్టు చేస్తారు, గాలి బుడగ లేకుండా నింపి పంపుతో రెట్టింపు ప్రెషర్ ఎక్కిస్తారు. నీళ్ళ టెస్టులో కారితే కారుతుంది అంతే, పేలదు. ఆ పెద్దాయన్ని సిగ్గుపడకుండా అడుగు, "టెస్టు ఎప్పుడు చేశారు, ఎంతకి చేశారు, ఎవరు చూశారు" అని. రాసి పెట్టుకున్న కాయితం చూపిస్తే మంచి మనిషి. "నామీద నమ్మకం లేదా" అంటే మాత్రం చెప్పులేసుకుని వచ్చీ.

రెండోది గేజ్ గ్లాసు. మా దగ్గర ఓ నైట్ షిఫ్టు, నేను చేరి అప్పటికి రెండేళ్ళే. అద్దంలో నీళ్ళు సగానికి బాగానే ఉన్నాయి, నేను టీ తాగుతున్నాను. మా సీనియరు వచ్చి అద్దం వైపు ఓ నిమిషం చూసి "ఏరా, నీళ్ళు ఎందుకు ఊగట్లేదు?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన గబగబా కాకు తిప్పి అద్దంలో నీళ్ళు బయటికి ఊదీసరికి అద్దం ఖాళీ అయింది, మళ్ళీ నిండలేదు. కింది దారి మడ్డి పట్టి మూసుకుపోయింది, నేను అరగంట నుంచి చూస్తున్నది పాత నీళ్ళు. బాయిలర్లో నిజం నీళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి. ఆ రోజు ఏమీ కాలేదు, ఆయన పుణ్యం. బతికున్న బాయిలర్లో అద్దంలో నీళ్ళు ఎప్పుడూ కాస్త కాస్త ఆడుతూనే ఉంటాయి బాబూ, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాయంటే అనుమానపడు. నీ బొమ్మింజన్లో ఆ అద్దం బాల్‌పెన్ను రీఫిల్లంత సన్నంగా ఉంటుంది, ఇంకా తొందరగా పూడుకుంటుంది. స్టీం ఎక్కాక ఒకసారి, తర్వాత గంటకో రెండు గంటలకో ఊదుతూ ఉండు.

నీళ్ళు అద్దంలోంచి పూర్తిగా మాయమైపోతే గాభరాపడి చల్లనీళ్ళు తోడీకు. ఫైర్‌బాక్సు పైరేకు అప్పటికే కాలి ఉండొచ్చు. ముందు మంట తీసీ. బొగ్గు మండే జాలీ కింద పిన్ను లాగితే నిప్పు మొత్తం కింద పడిపోయే ఏర్పాటు ఉంటుందట కదా, కింద ఇనప ట్రే పెట్టుకో. ఇంజను పాడైనా పర్లేదు.

బోరు నీళ్ళు పొయ్యకు. శ్రీకాకుళం వైపు సముద్రం దగ్గరి బోర్లు ఉప్పూ సున్నమూ, లోపల పెచ్చు కట్టీస్తాయి. వాన నీళ్ళు పట్టుకుంటే ఉత్తమం.

బొబ్బిలోడు_లెస్టర్:

బాబాయ్ గారు చెప్పిన "నీళ్ళు ఆడుతుండాలి" అన్నది మా క్లబ్బులో కూడా ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదు నాకు. ఇక్కడ కూడా అంతే, కొత్త బాయిలరుకి రెట్టింపు ప్రెషర్లో నీళ్ళ టెస్టు, తర్వాత్తర్వాత చేసేవాటికి ఒకటిన్నర రెట్లు, ఏడాదికోసారి స్టీంలో పెట్టి సేఫ్టీ వాల్వు సరిగ్గా లేస్తోందా చూడటం. ఆ కాయితం లేకుండా క్లబ్బు గేటు లోపలికి ఇంజను రానివ్వరు. సేఫ్టీ వాల్వు మంట నిండుగా ఉండి బ్లోయర్ తెరిచినా ప్రెషర్ని పెరగనివ్వకూడదు, మహా అయితే పదో వంతు పైకి వెళ్ళొచ్చు. దాన్ని టెస్టు చెయ్యకుండా ఒప్పుకోకండి.

బొగ్గు మాట మర్చిపోయాను. మన బొగ్గులో బూడిద ఎక్కువ, జాలీ మీద గట్టి పెచ్చులా కట్టి గాలి ఆపేస్తుంది. ఇక్కడ వాళ్ళు వేల్స్ బొగ్గుకి అలవాటుపడ్డారు, అది పొగ తక్కువ, వేడి ఎక్కువ. అక్కడి చివరి పెద్ద ఓపెన్‌కాస్ట్ గని 2023 నవంబరులో మూతపడింది, అప్పట్నుంచి మా క్లబ్బులో ఎవరు ఏ బొగ్గు తెచ్చినా పెళ్ళిచూపులకొచ్చిన పిల్లని చూసినట్టు అందరూ చుట్టూ చేరి చూస్తారు. మీరు ఏది వాడినా ముందే జల్లెడ పట్టి రేగుపండు సైజు ముక్కలు ఏరుకోండి, పొడి వద్దు. ఒట్టి కట్టెబొగ్గుతోనే నడిపేద్దాం అంటే మాత్రం నిప్పురవ్వలు పొగగొట్టంలోంచి లేస్తాయి, వెనకాల కూర్చున్న పిల్లల మీద పడతాయి.

క్యూ_మేడం_విజయనగరం:

మగవాళ్ళంతా బాయిలరు గురించే మాట్లాడుతున్నారు, పిల్లల సంగతి ఎవరైనా చూశారా?

నేను ఇక్కడ ఒక కాలేజీలో మెకానికల్ లెక్చరర్ని. సైన్సు ఫెయిర్లలో పిల్లల్ని ఎక్కించే బండ్ల దగ్గర మూడేళ్ళు వాలంటీరుగా నిలబడ్డాను. ఇది ఆవిరిది కాదు, బ్యాటరీది, అయినా నాకు తెలిసినంతలో గొడవలన్నీ ఇంజను దగ్గర రావు, ఎక్కే చోట వస్తాయి.

చున్నీలు. చీర కొంగులు. రెండున్నర అడుగుల ఎత్తులో కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రం దగ్గరికి జారడానికి రెండు సెకన్లు పట్టదు. మేము పెద్ద పెద్ద సేఫ్టీ పిన్నుల డబ్బా ఒకటి పెట్టుకుని, ఎక్కేముందే వెనక్కి ముడేసి పిన్ను పెట్టేవాళ్ళం. సగం మంది తల్లులు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. తర్వాత హవాయి చెప్పులు, మధ్యదారిలో జారిపోతాయి, పిల్లాడు దాన్ని అందుకోవడానికి వంగుతాడు. ఎత్తు ట్రాకు మీద ఒకడు ఒక పక్కకి వంగితే పెట్టె మొత్తం ఒరుగుతుంది. చెప్పులు విప్పించి ఒక బుట్టలో వేసేయండి. ఆ పెట్టెలకి పక్కకి పడిపోకుండా ట్రాకు కింద పట్టుకునే కొక్కేలు ఉన్నాయో లేదో పెద్దాయన్ని అడగండి, లేకపోతే మీ షెడ్డులోనే చేసి పెట్టండి, మీకు గంట పని.

ఫొటోలు ఇంకో తలనొప్పి. తండ్రులు ఫోను పట్టుకుని ట్రాకు పక్కనే పరుగెత్తుతారు వెనక్కి చూడకుండా. తాడు కట్టండి రెండువైపులా, మీటరున్నర దూరంలో. ఇంజను ఆగినప్పుడు పిల్లలు ముందు ముట్టుకునేది మెరిసే వస్తువు, అంటే పొగగొట్టం మీది ఇత్తడి టోపీ. చెయ్యి అంటుకుపోతుంది.

ఇంకా, మీరు 80 మీటర్లు వెళ్ళి అదే దారిలో వెనక్కి రావాలంటున్నారు. అంటే తిరిగొచ్చేటప్పుడు ఇంజను పెట్టెల్ని తోస్తుంది, మీకు ముందు ఏముందో కనపడదు. చివరి పెట్టెలో విజిలున్న గార్డు కూర్చోవాలి, ఆ పెట్టెకి బ్రేకు ఉండాలి. గార్డు విజిలేస్తే మీరు ప్రశ్నలడక్కుండా ఆపాలి. సంక్రాంతి తర్వాత గ్రౌండులో గడ్డి ఎండిపోయి ఉంటుంది, బకెట్లతో నీళ్ళు, ఇసక, మంట ఆర్పే సిలిండరు కాలేజీ వాళ్ళ దగ్గర ముందే అడిగి పెట్టించండి. ఇన్సూరెన్సు ఉందా అని కూడా వాళ్ళనే రాతపూర్వకంగా అడగండి, మాట మీద వద్దు.

పలాస_జీడిపప్పు:

మేడం గారు చెప్పాక నా పిల్లల్ని తీసుకురావాలా వద్దా అని ఆలోచిస్తున్నాను, మా చిన్నోడు మెరిసేవన్నీ ముట్టుకునే రకమే.

మన నౌపడ లైను గురించి ఒక ముక్క. అది పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, పట్టాల మధ్య 2 అడుగుల 6 అంగుళాలు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931 నాటికి గుణుపురం దాకా వేశారు. మా నాన్నగారు చెప్పేవారు, పాతపట్నం దాటాక ఎత్తు మీద బండి ఎంత నెమ్మదిగా వెళ్ళేదంటే కుర్రాళ్ళు దిగి మళ్ళీ ఎక్కేవారట. ఎంతవరకు నిజమో, ఆయన చేప కూడా ప్రతిసారీ పెద్దదయ్యేది.

లేత్‌షెడ్డు_శ్రీకాకుళం:

అందరికీ చాలా చాలా థాంక్సండి. అన్నీ ప్రింటు తీసుకుని విజయనగరం తీసుకెళ్ళాను. బాబాయ్ చెప్పినట్టు టెస్టు కాయితం అడిగాను, చెప్పులు పక్కనే పెట్టుకుని అడిగాను నిజంగా. పెద్దాయన కోప్పడలేదు, ఒక పాత డైరీ తెచ్చారు, నీళ్ళతో 160 పౌండ్లకి ఎక్కించి అరగంట పట్టి ఉంచిన తేదీ, చూసిన ఇద్దరి సంతకాలు, ఏ కాక్ దగ్గర చెమ్మ కనపడింది, అది మళ్ళీ ఎప్పుడు సరిచేశారు, అంతా రాసుంది. "నువ్వు అడక్కపోతే నిన్ను తీసుకోకూడదు అనుకున్నాను" అన్నారు.

ఇప్పటికి మూడుసార్లు వెలిగించాను. మొదటిసారి రెండుసార్లు ఆరిపోయింది. కరెంటు ఫ్యాను తిరగేసి పెట్టాను, గాలి లాగాల్సింది పోయి లోపలికి ఊదింది, ఫైర్‌బాక్సు తలుపులోంచి పొగంతా నా మొహానికి. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఏమీ చెప్పకుండా చూశారు. రెండోసారి బొగ్గు ఎక్కువ కుక్కేశాను, నల్లగా కూర్చుంది, ముల్లు 40 దగ్గర ఆగిపోయింది. పల్చగా, తెల్లగా మండాలట, లోపలికి చూస్తే కళ్ళు చిట్లించాల్సి రావాలట. మూడోసారి 80కి వచ్చి సేఫ్టీ వాల్వు లేచింది. ఆ శబ్దం, అబ్బ, పెరట్లో కొబ్బరి చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పక్కింటావిడ కుక్కరు అనుకుని తన వంటింట్లోకి పరుగెత్తింది.

ఒక డౌటు. అరగంట నడిపాక ఇంజెక్టర్ (ఆవిరి తోపుతో బాయిలర్లోకి నీళ్ళు పంపేది) పనిచెయ్యడం మానేసింది, నీళ్ళు లోపలికి పోకుండా కింద పైపులోంచి చిమ్ముతోంది. శుభ్రం చేశాం, మళ్ళీ అంతే. చల్లారాక మళ్ళీ బానే ఉంది. ఏటి దీని సంగతి?

బొబ్బిలోడు_లెస్టర్:

ట్యాంకులో నీళ్ళు ముట్టుకుని చూశారా? మీది ట్యాంకు ఇంజను, నీళ్ళ పెట్టెలు బాయిలరు పక్కనే ఆనుకుని ఉంటాయి, నడిపేకొద్దీ ఆ నీళ్ళు వేడెక్కుతాయి. ఇంజెక్టర్ పనిచేసేదే ఆవిరి చల్లటి నీళ్ళు తగిలి మళ్ళీ నీరైపోవడం మీద, ఆ తోపుతోనే నీళ్ళు బాయిలర్లోకి దూరతాయి. నీళ్ళు వేడెక్కితే ఆవిరి నీరవదు, అంతా బయటికి కక్కేస్తుంది. చిన్న ఇంజెక్టర్లు మరీ పెంకివి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలో చల్లటి నీళ్ళు నింపుతూ ఉండండి. ఒక్క ఇంజెక్టర్ మీద మాత్రం బతకొద్దు, ఇరుసు పంపు ఉందా? ఉన్నా అది చక్రం తిరిగితేనే కొడుతుంది, నిలబడి ఉన్నప్పుడు చేతిపంపే గతి. అది బాగుందో లేదో రోజూ పొద్దున్నే చూసుకోండి.

బాయిలర్_బాబాయ్:

సోడా కొట్టు దగ్గర ఐసు ముక్క కొనుక్కో. ఇంజనీరింగు అంతే.

లేత్‌షెడ్డు_శ్రీకాకుళం:

షో అయిపోయి నాలుగు రోజులైంది, చేతులకి నలుపు ఇంకా పోలేదు, అందుకే లేటు.

మొదటి రోజు నేను డ్రైవర్ని కాదు. నేనే పెద్దాయనకి చెప్పాను, నన్ను గార్డుగా వెయ్యండి అని. పొద్దున్న పది నుంచి సాయంత్రం దాకా చివరి పెట్టెలో విజిలు పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కాస్త ఉక్రోషంగానే ఉంది, కానీ ఎక్కడ పట్టాల అతుకు గొణుగుతోందో, ఎక్కడ పెట్టె ఊగుతోందో అదంతా నడుముకి తెలిసిపోయింది. మేడం గారూ, కొక్కేలు చేసి పెట్టాను, సేఫ్టీ పిన్నులు మూడు డబ్బాలు అయిపోయాయి. ఒక బామ్మగారు పిన్ను పెట్టనివ్వలేదు, కొంగు నడుముకి దోపుకుని "ఊఁ పద" అన్నారు, అంతకంటే గట్టిగా ఏ పిన్నూ ఉండదు.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి నాకిచ్చారు. మొదటి నాలుగు ట్రిప్పులు బాగా జరిగాయి, నడక కంటే కాస్త వేగం అంతే, అయినా దాని మీద కూర్చుంటే పరుగులా ఉంటుంది. మూతి దగ్గర వేడి, వెనకాల ఐదుగురు పిల్లల కేకలు, చేతికి రెగ్యులేటరు గుబ్బ, దాన్ని వేలితో తట్టినంత తిప్పితే చాలు ఇంజను ముందుకి ఉరుకుతుంది. ఐదో ట్రిప్పులో, అవతలి చివర ఆగినప్పుడు అద్దం చూశాను, నీళ్ళు మూడో వంతుకి దిగాయి. ఇంజెక్టర్ తిప్పితే కక్కింది. ట్యాంకు ముట్టుకుంటే వేడి. అక్కడ లైనులో కనీసం నలభై మంది పిల్లలు, కాలేజీ కుర్రాడు మైకులో "తర్వాతి ట్రిప్పు, తర్వాతి ట్రిప్పు" అని. నాకు అనిపించింది, ఇంకొక్క ట్రిప్పు లాగేస్తే ఏం, వెళ్తూ ఉంటే ఇరుసు పంపు ఎలాగూ కొడుతుంది కదా అని. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన కుర్చీలోంచి నన్నే చూస్తున్నారు, చెయ్యి ఊపలేదు, తల ఆడించలేదు.

చేతిపంపు కొట్టి అద్దం సగానికి తెచ్చి, మెల్లిగా వెనక్కి తెచ్చి ఆపేశాను, పావుగంట ట్రిప్పుల్లేవని చెప్పేశాను. మైకు కుర్రాడికి కోపం వచ్చింది. ఒక నాన్న "ఇంతదూరం వచ్చాం" అని గట్టిగానే అన్నారు. మేడం గారు అక్కడే ఉన్నారు, మీరేనని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ పిల్లల్ని వరసగా తెచ్చి ఒక్కొక్కరి చేత ఒక్కోసారి విజిలు తాడు లాగించారు, గొడవ అక్కడే చల్లారింది, కానీ నా ఆవిరి సగం విజిలుకే పోయింది. ఐసు ముక్క బండి వాడి దగ్గర పది రూపాయలకి కొన్నాను బాబాయ్, గోనెపట్టా ముక్కలో చుట్టి ట్యాంకులో వేశాం, పది నిమిషాల్లో ఇంజెక్టర్ పట్టుకుంది.

మొత్తం పదకొండు ట్రిప్పులు నడిపాను. జీడిపప్పు గారు వచ్చారు, చివరి ట్రిప్పులో ఒక్కరే ఎక్కారు, ఇంజను మొదటి ప్రయత్నంలో చక్రాలు గిర్రున తిప్పింది, రెండోసారికి కదిలింది.

పలాస_జీడిపప్పు:

98 అయ్యాను పండక్కి. అరిసెలు.

బాయిలర్_బాబాయ్:

అదంతా సరే గానీ, గేజ్ గ్లాసు ఊదావా?

లేత్‌షెడ్డు_శ్రీకాకుళం:

గంటకోసారి బాబాయ్. నీళ్ళు ఆడుతూనే ఉన్నాయి.